సాగర్ నగర్ ఒడ్డున ఆదివారం పొద్దుటి ఆట: మావాడితో ఏడు నెలలు వెళ్లాక

మాది విశాఖపట్నంలో కంచరపాలెం. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, ఆటిజం ఉంది. మాటలు చాలా తక్కువ, నాలుగైదు పదాలు, అవి కూడా వాడికి మనసు పుడితేనే. కిందటి నవంబరు నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే సాగర్ నగర్ దాటాక సరుగుడు చెట్ల పక్కన ఒడ్డు మీద పిల్లల్ని ఆడించే ఒక చిన్న బృందం దగ్గరికి వాణ్ణి తీసుకెళ్తున్నాను. వాళ్లకి ఆఫీసు లేదు, బోర్డు లేదు, ఉన్నదల్లా ఒక వాట్సాప్ గ్రూపు, ఇద్దరు థెరపిస్టులు, ఓపికున్న కొందరు అమ్మానాన్నలు, పక్క పల్లెలోని జాలరి కుటుంబాలు. ఎలా ఉంది, పంపొచ్చా, పిల్లాడు మారాడా అని చాలామంది అడుగుతున్నారు, అందరికీ ఫోన్లో సగం సగం చెప్పేకంటే ఒకసారి పూర్తిగా రాస్తే మేలనిపించింది.

ముందు మా సంగతి చెప్పాలి, లేకపోతే నేనెందుకింత సంతోషంగా రాస్తున్నానో అర్థం కాదు. రెండేళ్ల కిందట సిటీలో ఒక పిల్లల ప్లే ఏరియాకి వెళ్లాం. గంటకింత అని డబ్బు కట్టించుకున్నారు. మావాడు రంగు బంతుల గుంటలోకి దిగి పడుకున్నాడు, ఇక పైకి రానన్నాడు, లేపబోతే అరిచాడు. ఇరవై నిమిషాలు కూడా కాకుండానే ఒకమ్మాయి వచ్చి, "మేడమ్, మిగతా పిల్లలు భయపడుతున్నారు, మీరు జనం లేనప్పుడు రండి" అంది. మెల్లగానే అంది, మర్యాదగానే అంది. మా పెద్దమ్మాయి అప్పటికే తమ్ముడి చెప్పులు చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది, తలెత్తి ఎవర్నీ చూడటం లేదు. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఇల్లు, స్కూలు, థెరపీ, ఈ మూడు చోట్లకి తప్ప వాణ్ణి ఎక్కడికీ తీసుకెళ్లలేదు. పెళ్లిళ్లకి నేనొక్కదాన్నే వెళ్లి అక్షింతలేసి వచ్చేసేదాన్ని. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజంతో కలిపి 21 రకాల వైకల్యాలున్నాయి, చదువు, వైద్యంతో పాటు ఆటలు, వినోదం కూడా ఈ పిల్లలకి అందాలని అందులో రాశారు. వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్ కోసం తిరిగినప్పుడు చదివాను ఆ సంగతి. చదివి పక్కన పెట్టేశాను, ఎందుకంటే ఆడుకోవడానికి చోటు చూపించినవాళ్లు మాకెవరూ కనపడలేదు.

మా స్పీచ్ థెరపీ దగ్గర పరిచయమైన ఒకావిడ ఈ ఆదివారం సంగతి చెప్పింది. మొదట నేను వద్దనే అన్నాను. సముద్రమంటే నాకు భయం. ఆటిజం ఉన్న పిల్లలు చాలామందిని నీళ్లు లాగేస్తాయి, కళ్లు మూసి తెరిచేలోగా పరిగెత్తుకెళ్లిపోతారు, పైగా మన వైజాగ్ ఒడ్డు చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా నాలుగడుగులు వేస్తే లోతు ఒక్కసారిగా దిగిపోయే చోట్లు ఎక్కువ, వెనక్కి లాగే అల ఎక్కడ పుడుతుందో తెలీదు. ఆర్కే బీచ్‌లో ఏడాదికెన్నిసార్లు వింటాం అలాంటి వార్తలు! అందుకే ఏ సమీక్షలోనైనా భద్రత సంగతి ఆఖర్న రాస్తారు గానీ నేను ముందే రాస్తున్నాను.

నీటికీ ఇసుకకీ మధ్య వాళ్లు గూటాలు పాతి ఎర్ర తాడు కడతారు. పెద్ద తోడు లేకుండా ఏ పిల్లా ఆ తాడు దాటకూడదు, దాటినా మోకాలి లోతు వరకే. ఒక్కో పిల్లకీ ఒక్కో పెద్దమనిషి, అక్కడున్నంతసేపూ అతని పని ఆ పిల్లని చూసుకోవడమే, ఫోను సంచిలో పెట్టేయాలి. పిల్లలందరికీ నారింజ రంగు టోపీలు, చేతికి ఫోన్ నంబరు రాసిన పట్టీ. పల్లె నుంచి ఇద్దరు గజ ఈతగాళ్లు నీళ్లలో నడుము లోతున నిలబడి ఉంటారు, వాళ్లకి డబ్బిచ్చే పిలుస్తారు, ఊరికే సాయం చేయమని కాదు. ఈ ఒక్క విషయం నాకు బాగా నచ్చింది. అలలు పెద్దగా ఉంటే నీళ్ల వైపు అసలు పోరు, తుఫాను హెచ్చరిక ఉంటే శనివారం రాత్రే రద్దని మెసేజ్ పెడతారు. నవంబరులో, డిసెంబరులో మూడుసార్లు అలా రద్దయింది, మావాడు ఆ మూడు ఆదివారాలూ తలుపు కొట్టుకుంటూ కూర్చున్నాడు, అయినా సరే, రద్దు చేసినందుకు నేనేమీ అనను.

మొదటి రోజు మావాడు కారు దిగలేదు. మా ఆయన ఎత్తుకుని సరుగుడు చెట్ల కింద దించితే అక్కడే నిలబడిపోయాడు, బూట్లు విప్పనివ్వలేదు. ఆ థెరపిస్టు అమ్మాయి వచ్చి, "బూట్లతోనే ఉండనివ్వండి ఆంటీ, ఇవాళ ఇసుక వద్దు, ఇవాళ చెట్లు" అంది. అంతే. ఎవరూ బలవంతం చేయలేదు, చాక్లెట్ చూపించి లాగలేదు. ఆ చెట్ల గాలి చప్పుడు ఎప్పుడైనా విన్నారా, సన్నగా ఈల వేసినట్టు ఉంటుంది, అలల హోరుకి అది వేరేగా వినిపిస్తుంది. వాడు తల పక్కకి వంచి అదే వింటూ గంటన్నర నిలబడ్డాడు. రెండో వారం కింద పడ్డ సరుగుడు కాయలు ఏరాడు. మూడో వారం చెట్లకీ ఇసుకకీ మధ్యనున్న గట్టు మీద కూర్చున్నాడు. నాలుగో వారం బూటు ఒకటి విప్పాడు, ఒకటే. ఆరో వారానికి తడి ఇసుక మీద ఒట్టి కాళ్లతో నడిచాడు, అదీ మడమలు ఆనించకుండా వేళ్ల మీద. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మొదటి రోజే పిల్లాడు కేరింతలు కొడతాడనుకుని వచ్చి, అలా జరగకపోయేసరికి రెండో వారం మానేసిన వాళ్లని నేను చూశాను. కనీసం ఆరు వారాలు రండి, అప్పుడు తేల్చుకోండి.

అందరికీ సముద్రం పడుతుందని కూడా చెప్పను. ఒక పాప చెవులు మూసుకునే ఉంటుంది, వాళ్లమ్మ చెవులకి పెట్టే మఫ్‌లు తెస్తుంది. ఇసుక ఒంటికి అంటితే తట్టుకోలేని పిల్లలున్నారు, వాళ్ల కోసం చాపలు, ఒక బకెట్ మంచినీళ్లు ఎప్పుడూ పక్కన ఉంటాయి. ఎక్కువైపోయినప్పుడు వెళ్లి పడుకోవడానికి నీలం టార్పాలిన్‌తో వేసిన చిన్న గుడారం ఒకటుంది, అందులోకి ఒక్కసారికి ఒక్కరే, లోపల ఎవరూ మాట్లాడకూడదు. బొమ్మల కార్డులుంటాయి, ఇసుక, నీళ్లు, టిఫిన్, గుడారం, ఇల్లు. మావాడు ఇల్లు కార్డు చూపిస్తే ఇంటికే, ఇంకో పది నిమిషాలు ఉండమని బతిమాలడం ఉండదు. చూపించిన రెండుసార్లూ మేం వెంటనే బయల్దేరాం, ఆ తర్వాత వాడు ఆ కార్డు తీయడం మానేశాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఇలాంటి పిల్లల కోసం పెట్టే కార్యక్రమాలు నేను ఇంతకుముందు చూశాను. ఏప్రిల్ 2న ఆటిజం దినం అంటారు, నీలం బెలూన్లు కడతారు, మన పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫోటో తీస్తారు, చుట్టూ ఉన్నవాళ్లంతా పెద్దవాళ్లే, మన పిల్లలతో ఆడుకోవడానికి ఇంకో పిల్ల ఒక్కతీ ఉండదు. ఇక్కడ అలా కాదు. మన పిల్లలు పదిహేను మంది వస్తే, వాళ్ల అక్కలూ తమ్ముళ్లూ ఒక పది మంది, పల్లె పిల్లలు ఇంకో పది మంది. ఎవరికోసం ఎవరు వచ్చారో బయటివాళ్లకి తెలీదు. పల్లె పిల్లలు మన పిల్లలకి సాయం చేయడానికి రారు, అది వాళ్ల ఒడ్డు, వాళ్లెలాగూ అక్కడే ఆడుకుంటారు. వాళ్ల ఆటలోకి మనం వెళ్లాం. ఈ తేడా చాలా పెద్దది.

జనవరిలో ఒక ఆదివారం ఒడ్డున అలివి వల లాగుతున్నారు. తెలీనివాళ్ల కోసం: తెప్ప మీద వలని లోపలికి తీసుకెళ్లి అర్ధచంద్రంలా వదిలేస్తారు, రెండు కొసల తాళ్లూ ఒడ్డుకి వస్తాయి, అటు పది మంది ఇటు పది మంది వెనక్కి నడుస్తూ లాగుతారు, గంటకి పైగానే పడుతుంది. చివరనున్న మనిషి తాడు చుట్టేసి మళ్లీ ముందుకొచ్చి నీటి దగ్గర పట్టుకుంటాడు, అలా తిరుగుతూనే ఉంటారు. మావాడు ఆ తాడునే చూస్తున్నాడు. తడిసి ముదురు గోధుమ రంగులో, నా మణికట్టంత లావున, దాని మీంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. వెళ్లి రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను కంగారుగా పరిగెత్తాను, వాళ్ల పనికి అడ్డమని. అక్కడున్న ఒక తాత, "ఏటమ్మా, బాబు మాటాడడా?" అన్నాడు. ఇంకా రాలేదు తాతా అన్నాను. "వలకి మాటలెందుకమ్మా, తాడట్టుకోనీ" అని తన ముందు చోటిచ్చాడు.

వాడు లాగాడు. ఊరికే పట్టుకోవడం కాదు, మడమలు ఇసుకలో దిగబడేలా, ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగాడు. ఎన్నాళ్లుగా వేళ్ల మీదే నడిచే పిల్లాడు, ఆ రోజు పాదం పూర్తిగా నేలకి ఆనింది, ఆ గుంటలు నేను వంగి చూశాను. వాడి ముందు పల్లె కుర్రాడొకడు, వెనక తాత, అందరూ హైలెస్సా అంటుంటే వీడు నోరు విప్పలేదు గానీ ఆ పాట ఊపుకి సరిగ్గా అడుగు వేశాడు. తర్వాత థెరపిస్టు చెప్పింది, బరువు లాగడం, నెట్టడం, మోయడం ఇలాంటి పనులు చేసినప్పుడు కండరాలకీ కీళ్లకీ గట్టి ఒత్తిడి తగిలి కొందరు పిల్లలకి ఒళ్లు కుదురుగా ఉంటుందని, క్లినిక్‌లో ఇసుక సంచులు మోయించేది కూడా అందుకేనని. మేం నెలకి అంత కట్టి గదిలో మోయించిన సంచుల్ని వాడు ఎప్పుడూ విసిరికొట్టేవాడు. సంచి అటు మోసి ఇటు మోస్తే ఏమొస్తుంది, ఇక్కడ తాడు లాగితే వల వస్తుంది, వలలో చేపలొస్తాయి. ఆ రోజు పడింది తక్కువే, కాసిని కవళ్లు, కొన్ని రొయ్యలు. పంచుకునేటప్పుడు తాత మావాడి టోపీలో నాలుగు కవళ్లు వేశాడు. దయతో ఇచ్చినట్టు కాదు, తాడు పట్టిన వాళ్లందరికీ ఇచ్చినట్టే. ఇంటికొచ్చి పులుసు పెట్టాను. ఏదీ తినని పిల్లాడు తినేశాడని చెప్పను, తినలేదు. కానీ గిన్నె దగ్గరే కూర్చున్నాడు.

ఇంకొక చిన్న విషయం రాయాలి. మన ఒడ్డున అక్కడక్కడా ఇసుక నల్లగా చారలు చారలుగా ఉంటుంది కదా, అది మురికి కాదు, ఇల్మనైట్, మాగ్నటైట్ లాంటి బరువైన ఖనిజాల రేణువులు. అక్కడికొచ్చే ఒక నాన్నగారు పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం తెచ్చి ప్లాస్టిక్ కవరులో చుట్టి ఇసుకలో దొర్లించారు. నల్ల రేణువులు మీసాల్లా లేచి నిలబడ్డాయి. కవరు విప్పితే జలజలా రాలిపోయాయి. మళ్లీ చుట్టడం, మళ్లీ రాల్చడం. మా అబ్బాయీ, పల్లె నుంచి వచ్చే ఒక ఎనిమిదేళ్ల పిల్లా ఒకే అయస్కాంతంతో నలభై నిమిషాలు ఆడారు. వీడు రాల్చితే ఆ పిల్ల చుట్టేది. వంతులు వేసుకోవడం నేర్పించడానికి స్కూల్లో రెండేళ్లుగా పడని పాట్లు లేవు.

మార్చిలో ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లల్ని వదలడం చూపించడానికి తీసుకెళ్లారు. జనవరి నుంచి తల్లి తాబేళ్లు మన ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి, అటవీ శాఖ తరఫున వాటిని ఏరి హేచరీలో పాతిపెడతారు, నెలన్నర రెండు నెలలకి పిల్లలు బయటికొస్తాయి. ఎదురుచూడటం చాలాసేపు పట్టింది, మావాడికి విసుగొచ్చి గుడారంలోకి పోయాడు. కానీ డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒక పాప తాడు ఇవతల గొంతుక్కూర్చుని ఒక్కొక్క తాబేలు పిల్లనీ లెక్కపెట్టింది, ఇరవై తొమ్మిది దాటాక మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది, చుట్టూ ఉన్న పిల్లలు కూడా ఆమెతో పాటే ఒకటి నుంచి లెక్కపెట్టారు.

నాకు వీటన్నిటికంటే విలువైంది మా పెద్దమ్మాయి విషయం. దానికి పన్నెండేళ్లు. స్నేహితుల్ని ఇంటికి పిలవడం ఎప్పుడో మానేసింది, అడిగితే హోంవర్క్ అనేది. ఫిబ్రవరిలో దానంతట అదే క్లాసులో ఇద్దరమ్మాయిల్ని ఈ ఆదివారానికి తీసుకొచ్చింది. "వీడే మా తమ్ముడు, మాట్లాడడు, కానీ వల లాగుతాడు" అని చెప్పింది వాళ్లకి. నేను అటు తిరిగి చాపలు దులుపుతూ ఉండిపోయాను.

ఇక లోపాలు, ఇవి తక్కువేమీ కావు. అన్నిటికంటే పెద్దది మరుగుదొడ్డి. దగ్గర్లో లేదు. చిన్నపిల్లలకి ఎలాగో అయిపోతుంది, పన్నెండు, పధ్నాలుగేళ్ల ఆడపిల్లలకి, డైపర్ మార్చాల్సిన పెద్ద పిల్లలకి కారు వెనక చీర అడ్డం కట్టి మారుస్తున్నాం. ఇది ఆ పిల్లల మర్యాదకి సంబంధించిన విషయం, సర్దుకుపోదాం అనుకోవడం సరికాదు. బట్టలు మార్చే గుడారం ఒకటి కొనమని మూడుసార్లు అడిగాం, ఇంకా కొనలేదు. రెండోది చక్రాల కుర్చీ. ఇసుకలో అడుగు కూడా కదలదు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఒక బాబుని వాళ్ల నాన్న ప్రతిసారీ రోడ్డు మీంచి నీళ్ల దాకా ఎత్తుకునే తీసుకొస్తారు, ఆ బాబుకి పదకొండేళ్లు, ఆయనకి నడుం నొప్పి. ఇసుక మీద పరిచే గట్టి చాపల దారి వేస్తే కుర్చీ దొర్లుతుంది. దాతలెవరైనా ఇది చదివితే ముందు దానికివ్వండి.

మూడోది, శనివారం రాత్రి తాగినవాళ్లు పగలగొట్టిన సీసాలు. మనవాళ్లు పిల్లలు రాకముందే అరగంట ఏరుతారు, అయినా జనవరిలో ఒక బాబు పాదానికి గాజు గుచ్చుకుంది. కుక్కలు కూడా ఎక్కువే. పధ్నాలుగు దాటిన మగపిల్లలకి అక్కడ చేయడానికి పెద్దగా ఏమీ లేదు, ఇసుక గూళ్లు వాళ్లకి చిన్నతనం, వల ప్రతివారం ఉండదు. అలాంటి రెండు కుటుంబాలు రావడం మానేశాయి, వాళ్ల గురించి బృందం ఆలోచించి తీరాలి. టైము కూడా పాటించరు, ఆరుంబావు అంటే ఆరున్నర దాటుతుంది. మన పిల్లలకి ఆ పావుగంట ఎంత కష్టమో థెరపిస్టులకి నేను చెప్పక్కర్లేదు. కొత్తవాళ్ల మెసేజ్‌కి జవాబు రావడానికి వారం పడుతోంది, తోడు ఉండే పెద్దవాళ్లు చాలట్లేదు కాబట్టి కొత్త పిల్లల్ని నెలకి ఇద్దరికంటే తీసుకోవడం లేదు. అది మాత్రం సరైన పనే.

ఆర్కే బీచ్ ఎందుకు కాదు అని అడిగారు ఒకరు. అక్కడ కురుసుర సబ్‌మెరైన్, విమానం, మురీ మిక్చర్ బళ్లు, అన్నీ బాగానే ఉంటాయి గానీ ఆదివారం జనం, హారన్లు, స్పీకర్లు, మావాడు పది నిమిషాలు ఉండలేడు. పొద్దున్నే రోడ్డు మీద బళ్లు ఆపేసే వేళలో నడవడానికైతే మంచిదే. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే గుర్తింపు, వచ్చింది, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు అక్కడున్నాయి, చక్రాల కుర్చీ వాడే పిల్లలున్న వాళ్లు ముందు అది చూడండి, కాకపోతే వారం మధ్యలో వెళ్లండి. యారాడ అందంగానే ఉంటుంది, ఆ ఘాట్ రోడ్డు మలుపుల్లో మావాడికి వాంతులు. భీమిలిలో గోస్తని కలిసే చోట నీళ్లు నెమ్మదిగా కనిపిస్తాయి, దిగనివ్వకండి, నది కలిసే చోట ప్రవాహం నమ్మదగింది కాదు.

వెళ్లాలనుకునేవాళ్లకి కొన్ని సంగతులు. మనకి సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు, ఎండ సూటిగా మొహం మీద కొడుతుంది, నీళ్ల మీద మెరుపు కొందరు పిల్లలకి అసలు పడదు, టోపీ తప్పనిసరి. చలికాలం ఆరుంబావుకి, వేసవిలో అయిదున్నరకే మొదలవుతుంది, ఏప్రిల్ తర్వాత ఏడున్నర దాటితే నల్ల ఇసుక కాలుతుంది. ఆటు సమయమైతే తడిసి గట్టిపడ్డ ఇసుక ఎక్కువ మేర దొరుకుతుంది, పిల్లలకి నడవడం తేలిక, ఆ వారం టైము మెసేజ్‌లో పెడతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం, మోటారు బోట్ల చప్పుడు ఉండదు, శబ్దానికి భయపడే పిల్లల్ని మొదలుపెట్టడానికి అదే మంచి కాలం, ఎండ ఒక్కటి చూసుకోండి. బస్సులో రావాలంటే భీమిలి వెళ్లే 900కె ఎక్కి సాగర్ నగర్ దగ్గర దిగొచ్చు. ఫీజు లేదు, ఈతగాళ్ల కోసం, టిఫిన్ కోసం కుటుంబానికి వంద రూపాయలు వేసుకుంటాం, లేనివాళ్లని అడగరు. ఫోటోలు తీయనివ్వరు, మీ పిల్లవి కూడా. మొదట్లో నాకు కోపమొచ్చింది గానీ ఇప్పుడు ఆ నియమం ఉండాలనే అంటాను.

ఇది వైద్యం కాదు, థెరపీ మానేసి ఇక్కడికి రమ్మని వాళ్లూ చెప్పరు, నేనూ చెప్పను. మావాడికి కొత్త మాటలు రాలేదు. శనివారం రాత్రి మాత్రం టోపీ తలగడ కింద పెట్టుకుని పడుకుంటాడు, తెల్లారి నాలుగున్నరకి వచ్చి నా చెయ్యి పట్టి లాగుతాడు, తాడు లాగినట్టే రెండు చేతులతో.

అయిదుకి నాలుగు ఇస్తున్నాను. బట్టలు మార్చే గుడారం, చక్రాల కుర్చీకి దారి వచ్చిన రోజున ఆ మిగిలిన ఒకటీ ఇచ్చేస్తాను. మొదటిసారి వచ్చేవాళ్లు రెండు జతల బట్టలు, పాత తువ్వాలు, మంచినీళ్ల సీసా తెచ్చుకోండి, పిల్లాడు బూట్లు విప్పనంటే విప్పించకండి. నేను చెట్ల కింద పసుపు రంగు చాప మీద ఉంటాను, వచ్చి పక్కన కూర్చోండి.